తిరువయ్యారు త్యాగరాజ స్మారకాలు

తమిళనాడులో కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారులో వాగ్గేయకారుడు త్యాగరాజు (1767–1847) నివసించిన తిరుమంజన వీధి ఇంటి స్థలం, నదీతీరంలోని ఆయన సమాధి ఈ స్మారకాలు. ఏటా పుష్య బహుళ పంచమినాడు ఇక్కడ ఆరాధన జరుగుతుంది. ఇంటింటా పాడుతూ భిక్ష స్వీకరించే ఆయన ఉంఛవృత్తిని తలపిస్తూ భజన బృందం ఇంటి నుంచి సమాధికి నడుస్తుంది.

శిథిలావస్థలో ఉన్న సమాధికి ఆలయం కట్టించినది దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ. తన ఆస్తిని ఇందుకే వెచ్చించింది. అయినా ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోవడంతో ఆమె వేరే ఉత్సవం నడిపింది. వేర్వేరుగా ఆరాధన నడిపే వర్గాలు 1940లో ఒక్కటయ్యాయి. ఆమె సమాధి కూడా ఇక్కడే, త్యాగరాజు సమాధికి ఎదురుగా ఉంది.

ఆరాధననాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని త్యాగరాజు పంచరత్న కీర్తనలను విద్వాంసులు వరుసలుగా నేలమీద ఎదురెదురుగా కూర్చుని కలిసి పాడతారు. ఈ గోష్ఠిగానం 20వ శతాబ్దపు ఏర్పాటే. తెలుగు సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుని పాడేవారు చాలామంది. అక్కడక్కడా ఉచ్చారణ తడబడినా రాగం తప్పదు.

త్యాగరాజ శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు అనే వరుసలో త్యాగరాజు బాణీ ఆంధ్రకు చేరింది. గోదావరి డెల్టాలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ పరంపరవాడే. పాత కృతులను తనదైన మనోధర్మంతో పాడుతూనే ఆయన కొత్త రాగాలూ కల్పించాడు. ఛాందసులు గొణిగారు, శ్రోతలు మాత్రం చెవులప్పగించారు. తిరువయ్యారు ఆరాధన స్ఫూర్తి విదేశాలకూ చేరింది: అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం సాగుతోంది.