జంజబీల్ కథ: తాయిఫ్‌లో అల్లం, గులాబీ, మన శొంఠి గంధం

తాయిఫ్‌లో ఉంటున్న ఒక అక్కగారు ఆమధ్య నన్నొక ప్రశ్న అడిగారు. "యాభై దాటాయి, ముఖం మీద ముడతలు వస్తున్నాయి. అల్లం రసం రాస్తే పోతాయంటున్నారు, రాయమంటారా?" అని. జవాబు చెప్పే ముందు చిన్న చరిత్ర చెప్పుకుందాం.

అరబ్బులు అల్లాన్ని జంజబీల్ అంటారు. ఖురాన్ 76వ సూరాలో, స్వర్గవాసుల పానీయం గురించి చెప్పేచోట ఈ మాట ఉంది. సంస్కృతంలో ఇదే శృంగవేరం. దాని మూలం ద్రావిడ భాషల్లోని "ఇంజి", "వేర్" అనే మాటలని పండితులు చెబుతారు. ఆ వేరే మన తెలుగు వేరు! మన వైపు నుంచి సరుకుతో పాటు మాట కూడా ఓడెక్కిందన్నమాట. ఒకటో శతాబ్దపు రోమను రచయిత ప్లినీ అయితే అల్లం అరేబియాలో పండుతుందని రాశాడు. అమ్మేవాళ్ళు అరబ్బులు కాబట్టి పండించేదీ వాళ్ళేననుకున్నారు కాబోలు.

ఇంతకీ పూర్వులు దాన్ని దేనికి వాడారు? చరక సంహితలో మేనిఛాయకు మేలుచేసే పది మందుల జాబితా ఒకటుంది. అందులో చందనం, వట్టివేరు, అతిమధురం, మంజిష్ఠ ఉన్నాయిగాని అల్లం లేదు. అల్లం కనిపించేది ఆకలి పుట్టించే మందుల్లో, కడుపునొప్పి తగ్గించే మందుల్లో. యెమెన్ వాళ్ళూ కాఫీ పొట్టుతో కాచే ఖిష్ర్‌లో అల్లం వేసుకు తాగుతారు. అంటే రెండు వైపులా అది ముఖ్యంగా కడుపులోకి వెళ్ళే వస్తువే.

మరి మన అమ్మమ్మలు సానమీద శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేవారు కదా అంటారా? అది తలనొప్పికి. ఆ వేడి కోసమే వేసేవారు. నేనొకసారి ఆ పట్టుతోనే నిద్రపోయాను. లేచేసరికి నుదురు కమిలి, మచ్చ పోవడానికి వారాలు పట్టింది. అల్లంలోని ఘాటు, ఎండి శొంఠి అయ్యాక ఇంకా పెరుగుతుంది. వయసుతో పల్చబడిన చర్మం దాన్ని తట్టుకోలేదు. పచ్చి అల్లం రసం ముడతలు పోగొడుతుందనడానికి గట్టి రుజువూ లేదు.

అక్కగారూ, మీ ఊళ్ళోనే మంచి వస్తువుంది. అల్ హదా, అల్ షఫా కొండల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున గులాబీలు కోసి, రాగి పాత్రల్లో బట్టీ పట్టి పన్నీరు, అత్తరు తీస్తారు. ఈ గులాబీల సంప్రదాయాన్ని 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పెసరపిండిలో పన్నీరు కలిపి మెల్లగా రాసి కడుక్కోండి. ముడతలు పోతాయని చెప్పను. ముఖం శుభ్రపడుతుంది, మనసుకూ హాయిగా ఉంటుంది. అదైనా ముందు మోచేతి లోపల కొంచెం రాసి, ఒకరోజు చూడండి.

ఇంకో మాట. తాయిఫ్ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకుంటాం. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల ఘాటు పెరుగుతుంది. ముడతలకు పెద్ద కారణం ఆ ఎండే. గొడుగు, సన్‌స్క్రీన్ మరవకండి.

అల్లం మాటంటారా, శుభ్రంగా టీలో వేసుకోండి. రెండువేల ఏళ్ళుగా దాని చోటు అదే.