పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు: పాత స్క్రిప్టులు, తెలుగు అక్షరాలు

ప్రోగ్రామింగ్ భాష కొత్త రూపం దాల్చినప్పుడు, పాత రూపంలో రాసిన స్క్రిప్టులను ఏం చేయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. పైథాన్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగు పాఠ్యంతో పనిచేసేవారికి ఈ మార్పు ఎందుకు ముఖ్యమైందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

నేపథ్యం

గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో విడుదలైంది. యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడిందీ ఆ ఏడాదే. అందులో తెలుగు లిపికి చోటు దక్కింది. అయితే పైథాన్ 2లో మామూలు స్ట్రింగు అంటే బైట్ల వరుస మాత్రమే. యూనికోడ్ స్ట్రింగు వేరుగా ఉండేది. రెండూ కలిసినచోట పైథాన్ ఆ బైట్లను 128 గుర్తులే ఉన్న ఆస్కీగా భావించేది. ఇంగ్లీషుకు అది సరిపోయింది. తెలుగు ఎదురైతే స్క్రిప్టు దోషం చూపి ఆగిపోయేది.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 ఈ పద్ధతిని మార్చింది. ఇందులో స్ట్రింగు అంటే యూనికోడే. బైట్లు వేరే రకం.

ఒక ఉదాహరణ

‘విజయవాడ’ అనే పేరు చూడండి. మన కంటికి ఐదు అక్షరాలు. గుడి, దీర్ఘం విడి సంకేతాలు కాబట్టి యూనికోడ్‌లో ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అందువల్ల దీని పొడవు పైథాన్ 2 మామూలు స్ట్రింగులో 21, పైథాన్ 3లో 7. పేరును పది దగ్గర కత్తిరించే స్క్రిప్టు పైథాన్ 2లో ‘విజ’ దాటి ‘య’ను మధ్యలో విరగ్గొడుతుంది. పైథాన్ 3లో పేరు మొత్తం నిలుస్తుంది.

పరివర్తన కాలం

పైథాన్ 2 మద్దతు 2015లో ముగియవలసి ఉండగా, దాన్ని 2020 వరకు పొడిగించారు. అంతవరకు చాలా స్క్రిప్టులు రెండింటిలోనూ నడవవలసి వచ్చింది. రెండింటి తేడాలను కప్పిపుచ్చడానికి ‘సిక్స్’ అనే లైబ్రరీ తోడ్పడింది. యూనికోడ్ స్ట్రింగు ముందు పెట్టే పాత ‘యు’ గుర్తును 2012లో పైథాన్ 3.3 మళ్ళీ అనుమతించింది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తన దశాబ్ది ఉత్సవాలను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరుపుకొంది. వికీపీడియాలో పదేపదే చేయవలసిన సవరణలకు వాడే పైవికీబాట్ పైథాన్‌లో రాసినదే. అది 2020లో పైథాన్ 2కు మద్దతు ఆపింది. దాని కొత్త రూపాన్ని వాడాలంటే సొంత స్క్రిప్టులనూ సవరించుకోక తప్పలేదు.

ఆగే దోషం, ఆగని దోషం

కుండలీకరణాలు లేని పాత ‘ప్రింట్’ వాక్యం పైథాన్ 3లో వెంటనే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని సరిదిద్దడం తేలిక. కానీ 7ను 2తో భాగిస్తే పైథాన్ 2లో 3, పైథాన్ 3లో 3.5 వస్తుంది. స్క్రిప్టు ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది, ఫలితం మాత్రం మారుతుంది. ఎక్కువ నష్టం ఇక్కడే. అందుకే సవరణకు ముందే పాత స్క్రిప్టు ఫలితాలను భద్రపరచి, కొత్తవాటితో పోల్చాలి. నమూనాలలో తెలుగు పాఠ్యం తప్పక ఉండాలి.

ముగింపు

ఇంగ్లీషు పాఠ్యానికే పరిమితమైన స్క్రిప్టులకు ఈ మార్పు అదనపు శ్రమగా కనిపించింది. తెలుగుకు మాత్రం, మొదటి నుంచీ ఉన్న లోపాన్ని అది సరిదిద్దింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

‘కృష్ణా’ అనే పదంలో ఎన్ని అక్షరాలు, ఎన్ని యూనికోడ్ సంకేతాలు, ఎన్ని యూటీఎఫ్-8 బైట్లు ఉన్నాయి?