పల్లకీయు ద్విచక్రమును

యాత్రల చరిత్రము వ్రాయువారు యాత్రికుడు దర్శించిన క్షేత్రములను, దాటిన నదులను విస్తరించి చెప్పుదురు. అతనిని మోసినవారెవరో, ఆ మోతకు వారు పొందినదేమో విచారించుట అరుదు. ఈ ప్రశ్న నొకమాఱు వేసికొన్నచో తీరాంధ్రమున నూఱేండ్లలో జరిగిన గొప్ప మార్పొకటి మనకు గోచరించును. పరుల భుజములపై సాగిన ప్రయాణము క్రమముగా ప్రయాణికుని పాదబలముపై సాగ నారంభించెను. అందులకు సాధనమైనది ద్విచక్రము. జనులు సైకిలనియు, తొక్కుడుబండియనియు పిలుచునది.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు గల యీ సీమ యాత్రికులకు క్రొత్తది కాదు. సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనమున వేంగి ప్రభువైన హస్తివర్మ పేరు కలదు. ఆ వేంగి ఏలూరి చేరువనున్న పెదవేగియే. క్రీ. శ. 634 నాటి ఐహోలు శాసనము కునాల జలములను పేర్కొనుచున్నది. అవి కొల్లేటి జలములని పండితులు గుర్తించిరి. సైన్యములు వచ్చినవి, భిక్షువులు వచ్చిరి, వర్తకులు వచ్చిరి. సామాన్యుడు నడచెను, అధికారము గలవాడు ఏనుగునో, గుఱ్ఱమునో, మనుష్యునో వాహనముగా చేసికొనెను.

మన భాషలో యాత్రాగ్రంథములకు అగ్రగణ్యము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్ర. ఆయన 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి మఱుసటి యేడు తిరిగివచ్చెను. 1838లో అచ్చయిన యా గ్రంథము నాటి బాటలకును, బసలకును, ప్రజల ఆచారములకును గొప్ప సాక్ష్యము. ఆయన సూక్ష్మదృష్టిని ఎంత శ్లాఘించినను చాలదు. అయినను ఆ ప్రయాణమునకు పల్లకియు, బోయీలును, పెద్ద పరివారమును ఆవశ్యకములయ్యెను. ఇది ఆయన దోషము కాదు, నాటి సంఘధర్మము. దేశమును చూడదలచినవానికి మోయువాడు కావలెను. మోయువానికి దేశమును చూచు తీరిక లేదు.

తరువాత కాలువలు వచ్చెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తికాగా, గోదావరీ కృష్ణల నీరు కాలువలగుండ ఏలూరు చేరెను. పడవ ప్రయాణము చౌకయు సుఖమునైనది. కాని గాలి చాలనప్పుడు కూలివారు గట్టు వెంబడి నడచుచు మోకు లాగవలసియుండెను. 1890ల దశకమున రైలుమార్గము పడెను. ఆవిరియంత్రము మనుష్యుని భుజమునకు విశ్రాంతి నిచ్చినది. అయితే రైలు తాను నిలుచుచోటనే మనలను దింపును. స్టేషనుకును స్టేషనుకును నడుమ నున్న పల్లె కిటికీలో మెఱసి మాయమగును.

ఈ లోటును తీర్చుటకు ఇంగ్లండున రూపొందిన చిన్నయంత్రము పనికివచ్చినది. 1885లో స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, వెనుకచక్రమునకు గొలుసుతో, సురక్షితమైన సైకిలు నిర్మించెను. 1888లో డన్లపు గాలితో నిండిన టైరును కల్పించెను. అంతకు పూర్వమే థామస్ స్టీవెన్సు ఎత్తుచక్రపు బండిపై ప్రపంచయాత్ర చేయుచు, 1886లో లాహోరునుండి కలకత్తావఱకు గల రాజమార్గమున పయనించెను. 1897 చివరనుండి ఫానీ బుల్లక్ వర్క్‌మన్ అను అమెరికా వనిత భర్తతో కూడి సింహళమును, భారతభూమిని సైకిలుపై చుట్టివచ్చెను. వారు 1904లో ప్రకటించిన గ్రంథమునకు పేరిడుటలోనే పదునాలుగువేల మైళ్ల చక్రయాత్ర యని చాటిరి. ఆమెయే 1912లో కారకోరము మంచుకొండలపై స్త్రీలకు వోటుహక్కు కోరు పత్రికను చేతబూని ఛాయాచిత్రము తీయించుకొనెను. సైకిలు తొక్కిన కాలును, హక్కు నడిగిన నోరును ఒక్క శరీరమునకే చెందుట కాకతాళీయము కాదని మా యభిప్రాయము.

మనవారును వెనుకబడలేదు. 1923లో బొంబాయినుండి ఆర్గురు పారసీ యువకులు ప్రపంచయాత్రకు బయలుదేరిరి. వారిలో ఆది హకీము, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా యను మువ్వురు 1928లో ప్రపంచమును చుట్టి తిరిగివచ్చిరి. పరాధీనదేశపు యువకులు తమ కాళ్లనే నమ్ముకొని పారసీక మరుభూములను దాటుట నాటి పాఠకులకు ధైర్యపాఠము.

ఉష్ణదేశమున, అందును మా డెల్టాలో, దూరయాత్ర సులభము కాదు. ఎండకాలమున తెల్లవాఱకముందే బయలుదేరి, పొద్దెక్కకమునుపే సత్రమునో చెట్టునీడనో చేరవలెను. వానకాలమున రేగడిమట్టి చక్రమునకును మడ్గార్డునకును నడుమ గడ్డకట్టి బండిని నిలిపివేయును. పుల్లతో గీకి తీసినగాని కదలదు. తుమ్మముల్లు టైరునకు సహజశత్రువు. పెద్దనదులు మఱియొక యడ్డంకి. కృష్ణపై ప్రకాశము బారేజి 1957లో వచ్చినది. కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ రోడ్డును రైలును మోయు వంతెన 1974లో వచ్చినది. కొల్లేటి లంకలలో తాటిదోనెయే గతి. రెండు దోనెలు జతచేసిన సంగడిపై సైకిలునుంచి దాటింపవలసివచ్చినచోట, చక్రమెక్కినవాడుకూడ పడవవాని చేతిచలువను స్మరింపక తప్పదు.

ఆరంభమున సైకిలు సీమసరకు. ఉద్యోగులకును, వకీళ్లకును, కలవారి పిల్లలకును అలంకారము. 1949లో మద్రాసున టి. ఐ. కార్ఖానాయు, 1951లో సోనీపట్టున అట్లాసును, 1956లో లుధియానాలో హీరోయు వెలసిన పిమ్మట అది పాలవాని కావడియు, చేపలవాని బుట్టయు, చేనేతవాని మూటయు మోయుబండి యయ్యెను. తాత పల్లకి మోసియుండగా మనుమడు తన బండిమీద తానే పోవుచుండుట మన సంఘచరిత్రలో అల్పవిషయమా?

అయినను ఈ స్వాతంత్ర్యము సగముమందికే దక్కినది. ఆడుపిల్ల సైకిలెక్కిన నవ్వు ఊళ్లు ఎన్నియో యుండెను. 1991లో పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము అక్షరములతోపాటు సైకిలు తొక్కుటను స్త్రీలకు నేర్పెను. వేలకొలది శ్రామికస్త్రీలు నేర్చి, నీళ్లకును, పనులకును, సంతకును ఒంటరిగా పోగలిగిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చు పథకము నారంభించినది. బడిలో చేరు బాలికల సంఖ్య గణనీయముగా పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. దూరమనునది బాలికకు విద్యాశత్రువు. ఆ శత్రువును గెలుచుటకు రెండు చక్రములు చాలినవి.

నేడు ఏలూరినుండి తాడేపల్లిగూడెమునకు భీమడోలు, ఉంగుటూరుల మీదుగా సుమారు 50 కిలోమీటర్ల విశాలమైన రాజమార్గము కలదు. కారులో పోవువాడు గంటలో దాటును, చూచునది తక్కువ. బాట విడిచి కొల్లేటివైపు గట్టులపై సైకిలు మళ్లించినవాడు చెఱువు గట్టును, సరస్సు నీటిని వేఱుచేసి చూడగలడు. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రాంసారు ఒడంబడికలో చేరినది. చేపలచెఱువులు సరస్సును ఆక్రమింపగా 2006లో పెక్కు గట్టులను తెగగొట్టిరి. ఆ చెఱువులపై బ్రతికిన పేదలకు కలిగిన కష్టమును మఱువరాదు. నీటికి త్రోవలేకున్న కలుగు కీడును మఱువరాదు. 2024లో పొంగి విజయవాడను ముంచిన బుడమేరు చేరవలసినది ఈ కొల్లేటినే. ఇచ్చటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రము చేరవలెను. ఈ సంబంధమును పటముమీద చదివిన బాలునికంటె, గట్టుగట్టున తొక్కి ఆటపాక గూడబాతులను చూచి, మీనవృత్తివారి మాట విన్న బాలుడు బాగుగ నెఱుగును.

కావున పాఠశాలలవారు ఏటేట శీతకాలమున విద్యార్థులచే కొల్లేటి సీమకు రెండుదినముల సైకిలుయాత్ర చేయింపవలెనని కోరుచున్నాము. కులభేదము లేక అందఱు ఒకే పంక్తిని భుజింపవలెను. ఎవరి టైరు వారే బాగుచేసికొనవలెను. ఎవరి మూట వారే మోయవలెను. ఆ యాత్రకు మీ కుమారుని పంపునప్పుడు కుమార్తెను ఇంట నిలుపకుడు.