ఆగని విరామస్థానం

సంస్కృత ఛందస్సులో యతి అనగా విరామం. తెలుగులో అది అక్షరమైత్రిగా స్థిరపడింది. నరసరావుపేటలోని నా పూర్వవిద్యార్థి "బ్రేక్‌పాయింట్" అనగానే నాకు ఆ సంస్కృతార్థమే స్ఫురించింది. లినక్స్ కెర్నెల్‌లో అతడు పెట్టిన విరామం వద్ద యంత్రం ఆగడం లేదట!

కుతూహలం కొద్దీ పూర్వచరిత్ర వెదికాను. 1978 నాటి ఇంటెల్ 8086లోనే ఈ ఉపాయమున్నది. ఆగవలసిన చోట ఆదేశపు మొదటి బైటును తొలగించి, ఐఎన్‌టీ3 అనే ఏకబైటు ఆదేశాన్ని నిలుపుతారు. ఒక్క బైటే గనుక పక్క ఆదేశం చెడదు. కెర్నెల్‌లో చిక్కు వేరు. విరామాన్ని సంబాళించే భాగంలోనే విరామం పెడితే, ఆపవలసినదే ఆగి, మళ్ళీ తననే పిలుచుకుంటుంది. అందుకే 2004లో 2.6.9తో వచ్చిన కేప్రోబ్స్ అట్టి భాగాలను నిషిద్ధస్థలాలుగా ఉంచింది. లైనస్ టోర్వాల్డ్స్‌కు డీబగ్గర్లపై అయిష్టం. కేజీడీబీకి 2008లో గాని ప్రవేశం దొరకలేదు. వాడుకరి ప్రోగ్రాములకై 2012లో చేరిన యూప్రోబ్స్ కర్తలలో శ్రీకర్ ద్రోణంరాజు పేరు కనబడింది. పరిచితమైన ఇంటిపేరు, సంతోషించాను.

మావాడి చిక్కుకు మూలం 2014లో వచ్చిన కేఏఎస్ఎల్ఆర్. భద్రత కోసం ప్రతి బూటుకూ కెర్నెల్ చిరునామా మారుతుంది. 2017 నుండి ఎక్స్86లో ఇదే సహజస్థితి. గురజాల విడిచి మాచర్ల చేరిన బంధువుకు గురజాలకే ఉత్తరం వేసినట్లు, విరామం పాత చిరునామాలో పడి ఉన్నది. బూట్ ఆదేశాలలో "నోకేఏఎస్ఎల్ఆర్" చేర్చి చూడమన్నాను.

రాత్రి ఫోను చేశాడు: "ఆగింది మాస్టారూ! ఇక తప్పు వెదకాలి."