పడవకు ఎల్‌ఈడీ దీపాలు తగునా? దారి దీపాలు, లంగరు దీపం ఎంపిక

రాత్రివేళ పడవ ఏ దిక్కుకు పోతున్నదో ఎదుటివారికి తెలిపేవి దారి దీపాలు. నిలిచి ఉన్న పడవ ఉనికిని తెలిపేది లంగరు దీపం. ఈ రెండూ ఎదుటి పడవవారి కంటి కోసం ఏర్పడినవి. పడవలో పనిచేసుకొనుటకు వేసే వెలుగు వేరు. పాత తీగె బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టదలచినవారు మొదట గమనించవలసినది ఇదే. దుకాణంలో కళ్ళు మిరుమిట్లు గొలిపిన దీపం నీటి మీద తప్పుడు సమాచారం ఇవ్వవచ్చును.

1972లో రూపొంది, 1977 నుండి అమలులో ఉన్న అంతర్జాతీయ నియమాలను మన దేశమూ పాటిస్తున్నది. వాటి ప్రకారం పడవకు కుడివైపు ఆకుపచ్చ, ఎడమవైపు ఎరుపు దీపాలు ఉండవలెను. ఒక్కొక్కటి సూటిగా ముందు దిక్కు నుండి తన పక్కకు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనబడవలెను. కొయ్య మీది తెల్లదీపం ముందువైపు 225 డిగ్రీలు, అమరం మీది తెల్లదీపం వెనుకకు 135 డిగ్రీలు కనబడును. 12 మీటర్లకు లోపు పడవలో పక్కదీపాలు ఒక నాటికల్ మైలు, అనగా సుమారు 1.85 కిలోమీటర్లు, మిగిలినవి రెండు మైళ్ళు కనబడితే చాలును. రెండు మైళ్ళకు కావలసిన కాంతి 4.3 క్యాండెలా మాత్రమే. కనుక కాంతి చాలకపోవడం కంటే కోణం, రంగు చెడిపోవడమే తరచుగా చిక్కు తెచ్చిపెట్టును.

ఎల్‌ఈడీల మేలు బ్యాటరీ దగ్గర స్పష్టంగా తెలియును. 12 వోల్టుల మీద 25 వాట్ల తీగె బల్బు గంటకు రెండు ఆంపియర్ల చొప్పున తీసుకొనును. అటువంటివి నాలుగు, పన్నెండు గంటలు వెలిగితే దాదాపు 100 ఆంపియర్ అవర్లు. అంటే ఒక మంచి బ్యాటరీ మొత్తం ఖర్చయినట్లే. అదే పనిని రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీలు పదోవంతు విద్యుత్తుతో చేయును. ఇంజను ఆపి లంగరు వేసుకొన్న పడవలో తెల్లవారుజామున దీపం ఆరిపోవడం, తరువాత ఇంజనూ స్టార్టు కాకపోవడం అనే రెండు కష్టాలూ దీనితో తగ్గును.

అయితే పాత డబ్బాలోనే కొత్త ఎల్‌ఈడీ బల్బు బిగించడం పక్కదీపాలకు తగదు. పాత బల్బులో వెలిగే తీగె ఒక్క చోట ఉండును. అద్దం, అడ్డుపలక ఆ చోటును బట్టి తయారైనవి. ఎల్‌ఈడీ బల్బులో వెలిగే చుక్కలు చుట్టూ ఉండుటచేత కోణపు హద్దు చెదరిపోవును. పైగా తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం వెనుక పెడితే వెలుగు మసకబారును, ఆకుపచ్చ అద్దం వెనుక పెడితే నీలి ఛాయ పట్టును. ఎదురుగా వచ్చే సారంగు ఎరుపును గాని, ఆకుపచ్చను గాని చూసి ఎటు తప్పుకోవలెనో నిర్ణయించుకొనును. ఆ రంగే సందేహంలో పడితే మిగిలేది ఢీకొనడమే. కనుక పూర్తిగా ఎల్‌ఈడీ కొరకే తయారైన దీపాన్ని, కనబడు దూరం, కోణం, ధ్రువీకరణ సంస్థ పేరు దాని మీద ముద్రించి ఉన్నదానిని కొనడం మంచిది. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14 దాటును. దానిని తట్టుకొను సర్క్యూటు ఉన్నదో లేదో అడగవలెను. స్కూటరు దుకాణాలలో దొరికే రంగు పట్టీలు, మిణుకు దీపాలు అలంకారానికే. వాటిని దారి దీపాలుగా పొరబడే చోట పెట్టడం నియమ విరుద్ధం కూడా.

మరొక చిక్కు వైర్‌లెస్. నాసిరకం ఎల్‌ఈడీ సర్క్యూటు వీహెచ్‌ఎఫ్ రేడియోలో రొద పుట్టించగలదని అమెరికా తీర రక్షక దళం 2018లో హెచ్చరించినది. పరీక్ష సులభం. సద్దులేని ఛానల్‌లో పెట్టి, రొద ఆగేవరకు స్క్వెల్చ్ తిప్పి, ఆపై దీపం వేయవలెను. అప్పుడు రొద మళ్ళీ వస్తే ఆ దీపం పనికిరాదు. ఆపదవేళ పిలుపు వినబడనీయని దీపం ఎంత చవక అయినా దండుగే.

‘ఎల్‌ఈడీ నిషేధం కదా’ అనే మాట రేవులలో వినవచ్చును. 2017 నవంబరులో కేంద్రం నిషేధించినది చేపలను ఆకర్షించుటకు వాడే శక్తివంతమైన దీపాలతో జరిగే వేటను. దారి దీపంలో ఎల్‌ఈడీ ఉండడం ఆ నిషేధం కిందికి రాదు. ట్రాల్ వలవారు తెలుపుపై ఆకుపచ్చ, ఇతర వలవారు తెలుపుపై ఎరుపు దీపం వేయవలెననే నియమం యథాతథంగా ఉన్నది.

లంగరు దీపానికి కోణపు బాధ లేదు. చుట్టూ కనబడే తెలుపు కనుక ఎల్‌ఈడీ ఇక్కడ బాగా ఇముడును. దాని చిక్కు మరొకటి. భివండీలో తెలుగు నేత కుటుంబాలకు పరిచయమైన నార్పోలికి దక్షిణాన కాల్హేర్, కశేళి గ్రామాల అంచున ఉల్హాస్ నది ఉన్నది. పోటుపాటులు గల ఆ నీటిని మరాఠీవారు ఖాడీ అందురు. ఆవలి ఒడ్డు థాణే నగరం. అక్కడి భవనాల, వీధుల తెల్లని ఎల్‌ఈడీల నడుమ పడవ మీది ఒక్క తెల్లదీపం మరో వీధి దీపంలా కలిసిపోవును. ఇటువంటి చోట దీపాన్ని ఎత్తుగా, ఏ కొయ్యా అడ్డురాకుండా కట్టి, డెక్కు మీద పని దీపం కూడా వేసి పడవ ఆకారం తెలియజేయడం మేలు. లంగరు వేసినప్పుడు ఇది నియమ సమ్మతమే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వెరావల్ పడవలకు కలాసీలుగా పోయేవారు దీపాలు కొనరు, యజమాని కొనును. అయినా పని ఒప్పుకొనే ముందు ఒక రాత్రి దీపాలు వేయించి చూడమని అడగడంలో తప్పులేదు. సొంత పడవ గలవారికి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండే వేట విరామం తగిన సమయం. చీకటి పడ్డాక ఒడ్డున ఉన్న పడవ దీపాలు వేసి, దూరం నుండి దాని చుట్టూ నడవవలెను. అణియం ముందు సూటిగా నిలిస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనబడవలెను. కొద్దిగా పక్కకు జరిగితే ఒకటి మాయం కావలెను; వెనుకకు పోతే రెండూ పోయి అమరం దీపం ఒక్కటే మిగలవలెను. ఎక్కడైనా రెండు రంగులు కలిసి చాలాదూరం వెంట వస్తే ఆ దీపాన్ని మార్చి, పాతదానిని పడవలోనే అదనంగా ఉంచుకోక దించివేయవలెను.