పట్టా ఎవరి పేరున?

ఇల్లు కట్టడానికి గాజులు తీసిచ్చింది ఆమె. పొద్దున్నా సాయంత్రం గోడలు తడిపింది ఆమె. గృహప్రవేశం నాడు పాలు పొంగించిందీ ఆమే. పట్టా మాత్రం ఆయన పేరున ఉంటుంది. కాపురం సజావుగా సాగినంత కాలం ఆ కాగితం ఎవరికీ గుర్తు రాదు. అమ్మకం మాట వచ్చిన రోజున బీరువాలోంచి బయటికొస్తుంది.

ఇంటర్నెట్‌లోనూ ఇలాంటి పట్టా ఒకటుందండీ. దాన్ని డొమైన్ అంటారు. మన భాషలో చిరునామా అనుకుందాం. ఏడాదికింత అని రుసుము కట్టి ఎవరు నమోదు చేయించుకుంటే వాళ్ల చేతిలో ఉంటుంది. లోపల వేలమంది శ్రమపడినా సరే, నమోదు ఒక్క పేరు మీదే.

వికీపీడియా సంగతే చూడండి. 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనే ఇద్దరు అమెరికాలో మొదలుపెట్టారు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, జీతం లేదు. ఖర్చు పెట్టింది మాత్రం వేల్స్ గారి బోమిస్ కంపెనీ. చిరునామా చివర డాట్ కామ్, అంటే వ్యాపారుల వీధి. 2002 ఫిబ్రవరిలో ప్రకటనలు వేసే ఆలోచన ఉందని బయటికి పొక్కింది. స్పానిష్‌లో రాసేవాళ్లకు ఒళ్లు మండింది. మేం ఊరికే రాసిపెడితే దాని మీద మీరు డబ్బు చేసుకుంటారా అని, చాలామంది లేచిపోయి సెవిల్ విశ్వవిద్యాలయం నీడన వేరుకుంపటి పెట్టుకున్నారు.

పోతూ పోతూ వ్యాసాలన్నీ పట్టుకుపోయారు. దానికి అడ్డేమీ లేదు. ఎవరైనా నకలు తీసుకోవచ్చన్నది మొదటినుంచీ ఉన్న షరతే. తీసుకుపోలేనిది ఒక్కటే, పేరు! వేరుపడేటప్పుడు బిందెలు పంచుకోవచ్చు, బియ్యం పంచుకోవచ్చు. జనం వెతుక్కుంటూ వచ్చే గుమ్మాన్ని ఎలా పంచుకుంటాం?

ఆ దెబ్బ ఊరికే పోలేదు. ఆ ఆగస్టులో ప్రకటనలు ఉండవని వేల్స్ చెప్పేశారు. చిరునామా డాట్ ఆర్గ్‌కి మారింది. 2003 జూన్ 20న లాభం చూసుకోని వికీమీడియా ఫౌండేషన్ ఏర్పడి, ఆ పేరు దాని పరమైంది. ఆ డిసెంబరులోనే వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇప్పుడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. మా ముత్తుకూరు గురించీ, కృష్ణపట్నం రేవు గురించీ కూడా అక్కడ చదువుకోవచ్చు.

కథ అయిపోయిందనుకున్నారా? 2019 నవంబరులో ఏకంగా వీధికి వీధే అమ్మకానికొచ్చింది. డాట్ ఆర్గ్ చిరునామాలు కోటికి పైనే. వాటిలో సేవాసంఘాలూ, ధర్మసంస్థలూ ఎన్నో. వాటిని నడిపే రిజిస్ట్రీని ఇంటర్నెట్ సొసైటీ 113.5 కోట్ల డాలర్లకు ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి అమ్మబోయింది. కాపురమున్నవాళ్లను అడిగిన పాపాన పోలేదు! గగ్గోలు పుట్టింది. అమ్మడమే అయితే మేమే సహకార సంఘంగా నడుపుకుంటామని కొందరు ముందుకొచ్చారు. చివరికి చిరునామాల వ్యవస్థకంతటికీ పెద్దదిక్కయిన ఐకాన్ సంస్థ, 2020 ఏప్రిల్ 30న ఆ అమ్మకం కుదరదంది.

అంతమాత్రాన వికీపీడియా పట్టా రాసేవాళ్ల పేరున ఉందనుకోకండి. ఫౌండేషన్ పేరునే ఉంది. గుడి మాన్యానికి ధర్మకర్తలున్నట్టు దానికీ ఉన్నారు. వాళ్లలో కొందరిని ఎంచుకునే హక్కు మాత్రం రాసేవాళ్లకు దక్కింది. పూర్తి వాటా కాదు గానీ, అడిగే నోరు ఉందన్నమాట.

మనకిదంతా ఎందుకంటారా? నలుగురు ఆడవాళ్లు కలిసి పచ్చళ్లు పెట్టి అమ్మినా, కుట్టుపని సంఘం నడిపినా, ఇవాళ దానికో పేరూ, ఇంటర్నెట్ చిరునామా కావాలి. ఏ చదువుకున్న కుర్రాడో పుణ్యానికి తన పేరున నమోదు చేసిపెడతాడు. మంచివాడే కావచ్చు. అయినా ఆ నమోదు సంఘం పేరున రాయించమని అప్పుడే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే అడిగెయ్యండి. పచ్చళ్లకు గిరాకీ పెరిగాక అడిగితే అది తగువవుతుంది.