వందల గొంతులకు ఒక ముఖం

మూడు వందల అరవై మంది ఒకేసారి గొంతు కలిపితే అందులో ఏ ఒక్కరి గొంతూ విడిగా వినిపించదు. బృందగానం గొప్పతనం అదే, దానికున్న చిక్కూ అదే. అమెరికాలో యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీలో టాబర్నకిల్ క్వయర్ ఏటా డిసెంబరులో జరిపే క్రిస్మస్ కచేరీ ఈ చిక్కుకు రెండు దశాబ్దాలకు పైగా ఒకే దారి పట్టింది. బ్రాడ్‌వే నాటకరంగం నుంచో ఒపెరా నుంచో పేరున్న గాయకులను, సినిమా, టీవీల నుంచి అందరికీ తెలిసిన నటులను పిలిచి ఆ వందల మంది ముందు నిలబెడుతుంది. కచేరీని రికార్డు చేసి, మరుసటి ఏడాది పండక్కి ఆల్బమ్‌గానూ టీవీ కార్యక్రమంగానూ జనంలోకి పంపుతుంది. దీన్ని చూసి పెదవి విరిచే సంగీతాభిమానులు ఉన్నారు. తారల తళుకు కోసం క్వయర్‌ను వెనక తెరగా మార్చేశారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ క్వయర్ చరిత్ర చదివితే నాకు తోచేది వేరు. అతిథిని పిలవడం ఈ మధ్య పుట్టిన ఎత్తుగడ కాదు. 1929లో రేడియో నేర్పిన పాఠాన్నే ఆ క్వయర్ ఇప్పటికీ పాటిస్తోంది. ఆ ఒక్క గొంతు తోడు లేకపోతే ఈ రికార్డింగులు చక్కగా కూర్చిన ధ్వనిగా మిగిలేవి గానీ, ఏటా ఇళ్లల్లో కూర్చుని వినే కార్యక్రమం అయ్యేవి కావు.

సొంత చోట బతకనివ్వక తరిమితే పడమటికి నడిచిన, మోర్మన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 1847 జులైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. నెల తిరక్కుండానే, ఆగస్టు 22న, ఒక చిన్న గాయక బృందం వాళ్ల సభలో పాడింది. క్వయర్ తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. 1867 నుంచి వాడుకలోకి వచ్చిన టాబర్నకిల్ అనే గుమ్మటపు మందిరం దానికి పేరూ ఇచ్చింది, నాదమూ ఇచ్చింది. ఆ మందిరంలో ఒక కొసన గుండుసూది పడేస్తే రెండో కొసన వినిపిస్తుందని వచ్చినవాళ్లకు నేటికీ చేసి చూపిస్తారు. 1910లోనే ఈ క్వయర్ పాటలు రికార్డుల మీదికెక్కాయి. అయినా దేశమంతా దాన్ని తనదనుకున్నది 1929 జులై 15 తర్వాతే. ఆ రోజు తొలిసారి రేడియో నెట్‌వర్క్‌లో క్వయర్ ప్రసారమైంది. ఉన్నది ఒకే మైక్రోఫోన్. అది పాటకు అనువుగా పైనుంచి వేలాడుతోంది. పాటల పేర్లు చెప్పాల్సిన టెడ్ కింబల్‌కు పందొమ్మిదేళ్లు. మైకు అందాలంటే నిచ్చెన ఎక్కక తప్పలేదు. ఆ కుర్రవాడు నిచ్చెన మీదే నిలబడి, కార్యక్రమం అయిపోయేదాకా ఒక్కో పాటనూ పరిచయం చేశాడు.

రేడియోకు కళ్లు లేవు. బారులు తీరిన గాయకులు, ఆర్గన్ గొట్టాల మెరుపు, గుమ్మటం ఎత్తు, ఇవేవీ వినేవాడికి అందవు. అందేది ఒక నాద సముద్రం. దాన్ని చెవిన వేసుకుని అరగంట కూర్చోవాలంటే, నడుమ నడుమ తనతో మాట్లాడే మనిషి కావాలి. 1930లో ఆ బాధ్యత రిచర్డ్ ఎల్. ఎవాన్స్‌కు వచ్చింది. పాటల పేర్లు చదవడంతో ఆగకుండా ఆయన చిన్న చిన్న ప్రసంగాలు కలిపాడు. ‘మ్యూజిక్ అండ్ ది స్పోకెన్ వర్డ్’ కార్యక్రమానికి నేటికీ ఉన్న రూపం అప్పటిది. 1971లో చనిపోయేదాకా, నలభై ఏళ్లు, దేశానికి క్వయర్ తరఫున మాట్లాడిన గొంతు ఎవాన్స్‌దే. క్వయర్‌లో పాడేవాళ్లు మారిపోతూ వచ్చారు. వాళ్లలో ఎవరి పేరూ శ్రోతకు తెలియదు. ఎవాన్స్ మాత్రం ప్రతి ఇంటికీ తెలిసిన మనిషి. పాటను, మాటను అల్లి కథ నడిపే హరికథ ఎరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు. పడమటి సంగీత విమర్శకులకే, బృందగానం దానంతటది నిలవాలన్న పట్టింపు ఉన్నవాళ్లకే, ఇది పరాయిగా కనిపిస్తుంది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. 1959లో ఈ క్వయర్ పాడిన ‘బ్యాటిల్ హిమ్ ఆఫ్ ది రిపబ్లిక్’ అమెరికా పాప్ పాటల పట్టికలో 13వ స్థానం దాకా ఎక్కింది, గ్రామీ కూడా గెలుచుకుంది. సినిమా తార ఎవరూ లేకుండానే అంత పేరు వచ్చినప్పుడు, ఇప్పుడు తారలెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రికార్డు కవరు మీద క్వయర్ ఒంటరిగా లేదు. పక్కన యూజీన్ ఆర్మండీ ఉన్నాడు, ఆయన నడిపిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ఉంది. ఆ రోజుల్లో ఇళ్లల్లో రికార్డులు కొనే మధ్యతరగతికి అంతకు మించిన పెద్ద పేర్లు కొద్దిగానే ఉండేవి. అంటే 1959లోనూ క్వయర్ అతిథి భుజం మీద చెయ్యి వేసే జనం ముందుకు వచ్చింది. అప్పుడు ఆ అతిథి సంగీత నిర్వాహకుడు, ఇప్పుడు నటుడు. జనానికి తెలిసిన ముఖం ఏ రంగంలో ఉందో చూసుకుని క్వయర్ అటు నడిచింది.

క్రిస్మస్ కచేరీ ఇప్పటి హంగులతో మొదలైంది మాత్రం 2000లో, టాబర్నకిల్ ఎదుటి వీధిలో కాన్ఫరెన్స్ సెంటర్ తయారయ్యాక. అందులో 21 వేల సీట్లు. అంతకు ఏడాది ముందే, జీతం తీసుకోని వాద్యకారులతో టెంపుల్ స్క్వేర్ ఆర్కెస్ట్రా ఏర్పడింది. 2001లో నటి ఏంజెలా లాన్స్‌బరీ వచ్చింది. టీవీలో ‘మర్డర్, షీ రోట్’ చూసిన తరానికి ఆమె ఇంట్లో పెద్దావిడ లాంటిది. మరుసటి ఏడాది వచ్చిన అతిథి వాల్టర్ క్రాంకైట్. నా లెక్కలో ఈ పరంపర తన అసలు దారి కనుక్కున్నది ఆయనతోనే. క్రాంకైట్ నటుడు కాదు, గాయకుడు కాదు. సీబీఎస్ టీవీలో వార్తలు చదివిన మనిషి. 1963 నవంబరులో అధ్యక్షుడు కెనెడీ మరణవార్తను దేశానికి చెప్పిన గొంతు అది. క్వయర్ ఆదివారం ప్రసారం 1932లో అదే సీబీఎస్‌కు మారింది. కెనెడీకి నివాళిగా ఆ వారాంతంలో క్వయర్ పాడిన కార్యక్రమాన్ని ప్రసారం చేసిందీ ఆ నెట్‌వర్కే. అలాంటి మనిషిని పిలిచి 1914 నాటి క్రిస్మస్ విరామం కథ చెప్పించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రణరంగంలో జర్మన్లు, బ్రిటిష్‌వాళ్లు పండగ రాత్రి తుపాకులు దించి, కందకాల్లోంచి పాటలు పాడుకుని, మధ్యనున్న నేల మీద చేతులు కలిపిన కథ అది. రెండో ప్రపంచ యుద్ధాన్ని విలేకరిగా దగ్గర నుంచి చూసిన ముసలాయన ఆ కథ చెబుతుంటే, వెనక నుంచి వచ్చే పాట అలంకారంగా ఉండదు. కందకాల్లోని సైనికుల పాట అదే అవుతుంది. ముఖాలు కనిపించని గుంపు పాడటం అక్కడ లోపం కాదు, కథకు కావలసినదే. చీకట్లో అవతలి కందకం నుంచి వచ్చిన పాట ఎవరు పాడారో ఆ సైనికులకూ తెలియదు.

పాడే అతిథి కన్నా కథ చెప్పే అతిథి వల్లే ఈ రికార్డింగులకు ఎక్కువ మేలు జరిగిందని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. 2008లో బ్రాడ్‌వే గాయకుడు బ్రయన్ స్టోక్స్ మిచెల్‌తో పాటు నటుడు ఎడ్వర్డ్ హెర్మన్ వచ్చాడు. కవి లాంగ్‌ఫెలో కథ చెప్పాడు. 1861లో భార్య బట్టలకు నిప్పంటుకుని చనిపోయింది. 1863 నవంబరులో కొడుకు అంతర్యుద్ధంలో గాయపడ్డాడు. ఆ డిసెంబరులో గంటల మోత వింటూ కవి రాసుకున్న గేయం తర్వాత క్రిస్మస్ పాటగా మారింది. 2009లో చరిత్రకారుడు డేవిడ్ మెకల్లా 1941 క్రిస్మస్ ముందు రాత్రిని వినిపించాడు. పెరల్ హార్బర్ మీద దాడి జరిగి మూడు వారాలు కాలేదు. బ్రిటన్ ప్రధాని చర్చిల్ వాషింగ్టన్ వచ్చి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పక్కన నిలబడి, శ్వేతసౌధం దగ్గర చెట్టుకు దీపాలు వెలిగించే వేళ మాట్లాడిన రాత్రి అది. 2012లో ఎన్‌బీసీ వార్తల టామ్ బ్రోకా వంతు. ఆయన చెప్పింది గెయిల్ హాల్వర్సన్ కథ. 1948లో సోవియట్ సేనలు బెర్లిన్‌కు దారులు మూసేస్తే, అమెరికా, బ్రిటన్ విమానాల్లో తిండీ బొగ్గూ చేరవేశాయి. యూటా నుంచి వెళ్లిన హాల్వర్సన్ అనే పైలట్, కంచె అవతల నిలబడ్డ జర్మన్ పిల్లల కోసం చేతి రుమాళ్లను పారాచూట్లుగా కట్టి చాక్లెట్లు జారవిడిచాడు. బ్రోకా కథ ముగించే వేళకు తొంభై రెండేళ్ల హాల్వర్సన్ వేదిక మీదికి వచ్చాడు, హాలు పైకప్పు నుంచి చిన్న చిన్న పారాచూట్లు దిగాయి. ఆ ఏడాది పాడిన అతిథి ఆల్ఫీ బో గొప్ప గాయకుడే. అయినా ఆ కచేరీని జనం గుర్తుంచుకున్నది హాల్వర్సన్ వల్ల.

తళుకు మీద ఉన్న ఫిర్యాదుకు ఇందులోనే సగం జవాబు ఉంది. మిగతా సగం లెక్కల్లో ఉంది. ఈ కచేరీకి టికెట్ ధర లేదు. అడిగేవాళ్లు సీట్ల కన్నా ఎక్కువ కాబట్టి లాటరీ తీసి పంచుతారు. క్వయర్‌లో పాడేవాళ్లకు జీతం లేదు. ఉద్యోగాలు, ఇళ్లు, పిల్లలు ఉన్న మామూలు మనుషులు. ఇరవై ఏళ్లు పాడాక, లేదా అరవై ఏళ్లు రాగానే తప్పుకుంటారు. ఊరికే ఇచ్చినా చాలని సీట్లకు తారలతో జనాన్ని లాగాల్సిన పని లేదు. ఆల్బమ్ అమ్మకాలకు అతిథి పేరు ఉపయోగపడుతుందన్నది నిజం, 2003 నుంచి క్వయర్‌కు సొంత రికార్డు సంస్థ కూడా ఉంది. కానీ అమ్మకమే ధ్యేయమైతే పాప్ గాయకుల వరస కనిపించాలి. ఇక్కడ కనిపించేది వార్తలు చదివినవాళ్లు, చరిత్రకారుడు, వయసు మళ్లిన నటులు. 2014లో పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ తోలుబొమ్మలు కూడా వచ్చాయి. మూడు తరాలు ఒకే సోఫాలో కూర్చుని చూసే ఇంటికి ఏం కావాలో తెలిసి చేసిన ఎంపికలు ఇవి.

నాదం గురించిన ఆక్షేపణను మాత్రం నేను తోసిపుచ్చలేను. గుండుసూది చప్పుడు మోసే మందిరం నుంచి 21 వేల మంది కూర్చునే హాలుకు మారితే మైకులు, స్పీకర్లు తప్పవు. గొంతుకీ చెవికీ మధ్య యంత్రం వచ్చి కూర్చుంటుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్లకు అతిథి అగ్గిపుల్లంత కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో రికార్డింగే కచేరీ కన్నా మెరుగు. దగ్గరి కెమెరా హెర్మన్ ముఖం చూపిస్తుంది, మంచి రికార్డింగు మాట గుసగుసను పాట హోరు నుంచి వేరు చేసి ఇస్తుంది. 2008లో సంగీత దర్శకుడైన మాక్ విల్‌బర్గ్ కూర్పులు చరణం మీద చరణం పేర్చుకుంటూ పైకి ఎక్కుతాయి. ఆ ఎక్కడం హాల్లో కన్నా హెడ్‌ఫోన్లలోనే స్పష్టంగా తెలుస్తుంది. రికార్డింగును కచేరీకి జ్ఞాపికగా చూడటం పొరపాటు. ఇది మొదటి నుంచీ దూరాన ఉన్న శ్రోత కోసం పాడిన క్వయర్.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మతానికి సంబంధించినది. క్వయర్ మోర్మన్ చర్చిది. నల్లజాతి పురుషులకు 1978 దాకా పూజారి హోదా ఇవ్వని చర్చి అది. 2008 నవంబరులో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రజాభిప్రాయ సేకరణకు బాహాటంగా మద్దతిచ్చింది. అందుకు సాల్ట్ లేక్ సిటీలో చర్చి ఆలయం ముందే నిరసనలు జరిగాయి, నాటకరంగంలో చాలామంది మనసు విరిగింది. నెల తిరిగేసరికి బ్రాడ్‌వే గాయకుడు మిచెల్ అదే చర్చి వేదిక మీద పాడాడు. అతిథుల పేరుతో చర్చి తన ముఖం కడుక్కుంటోందన్న మాట అందుకే పుట్టింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. నల్లజాతి గాయనులు ఆడ్రా మెక్‌డొనాల్డ్, నటాలీ కోల్ ఆ వేదిక మీద పాడినంత మాత్రాన 1978కి ముందున్న చరిత్ర చెరిగిపోదు. కానీ ఆ వేదిక మీద చెప్పించిన కథలు చూడండి. కందకాల్లోని సైనికులు, లాంగ్‌ఫెలో, చర్చిల్, వీళ్లలో మోర్మన్లు లేరు. హాల్వర్సన్ ఒక్కడే ఆ విశ్వాసి, ఆయన కథలోనూ మత బోధ లేదు, ఆకలిగొన్న శత్రువు బిడ్డకు మిఠాయి ఇవ్వడమే ఉంది. మతప్రచారానికి దొరికిన అతి పెద్ద వేదికను ఇలా వాడుకున్న సంస్థను విమర్శించవచ్చు గానీ, ఆ కచేరీలను ప్రచారం అని ఒక్క ముక్కలో కొట్టిపారేయలేం.

2020లో కరోనా వల్ల కచేరీ జరగలేదు. అప్పటిదాకా పేరుకున్న రికార్డింగుల విలువ అప్పుడు తెలిసివచ్చింది. ఇరవై ఏళ్ల కచేరీల నుంచి ఏరికూర్చిన ప్రత్యేక కార్యక్రమం తయారైంది. దాన్ని నడిపించింది మళ్లీ బ్రయన్ స్టోక్స్ మిచెలే. తర్వాతి అతిథుల వరస ఇంకాస్త విశాలమైంది. 2022లో ఫిలిప్పీన్స్ గాయని లియా సలోంగా వచ్చింది. డిస్నీ ‘అల్లాదీన్’ సినిమాలో జాస్మిన్ పాట ఆమెదే. 2023లో వచ్చింది మైకేల్ మలియకెల్. కేరళ మూలాలున్న కుటుంబంలో పుట్టి న్యూజెర్సీలో పెరిగి, 2021లో బ్రాడ్‌వే ‘అల్లాదీన్’లో నాయకుడి వేషం కట్టాడు. భారత సంతతి నటుడికి ఆ వేషం దక్కడం అదే మొదలు. ఇలాంటి అతిథికీ వెనక నిలబడ్డ వందల మందికీ మధ్య గీత గీసి, ఇతను తార, వాళ్లు గుంపు అనడం తేలిక. కానీ మలియకెల్ పాట నేర్చుకున్నది ప్రిన్స్‌టన్‌లోని అమెరికన్ బాయ్‌క్వయర్ స్కూల్లో, వరసలో నిలబడి మిగతా పిల్లలతో గొంతు కలుపుతూ.